ఒక్క బస్తా యూరియా.. ఎనిమిది బండ్ల పెంట

సేంద్రియ పంట మేలు భూమికి, నీటికి, తినేవాళ్లందరికీ అందుతుంది. దాని కష్టం మాత్రం కొందరి నడుముల మీదే పడుతోంది. ఈ జమాఖర్చును నలభై ఏళ్లుగా చేలల్లోనే రాసి చూపిస్తున్న ప్రాంతం జహీరాబాద్. రాయికోడ్ నల్లరేగళ్ల నుంచి ఆ లెక్క ఇది.

రైతుకు 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు వస్తుంది. అందులో నత్రజని 46 శాతం, అంటే బస్తాకు దాదాపు 21 కిలోలు. అంత నత్రజనిని పశువుల పెంటతోనే చేనుకు పెట్టాలంటే ఎంత కావాలి? బాగా మాగిన పెంటలో నత్రజని అర శాతం దాకా ఉంటుంది. ఆ లెక్కన నాలుగు టన్నులు కావాలి. ఎడ్లబండికి అర టన్ను చొప్పున ఎనిమిది బండ్లు.

దాన్ని దిబ్బలోంచి తవ్వాలి. తట్టలకెత్తి బండి నింపాలి. చేలో కుప్పలు పోయాలి. ఎండకు సారం పోకముందే వెదజల్లి దున్నేయాలి. యూరియా అయితే మోటార్ సైకిల్ మీద వేసుకొచ్చి పొద్దుగూకేలోపు చల్లేయొచ్చు. సేంద్రియం గొప్పదని పట్నంలో ఎంతమంది చెప్పినా పల్లెలో చాలామంది దానివైపు కదలకపోవడానికి కారణం అజ్ఞానం కాదు. ఈ ఎనిమిది బండ్ల బరువు.

అయితే ఆ బండ్లలో వచ్చేది నత్రజని ఒక్కటే కాదు. భాస్వరం, పొటాష్, జింకు, అన్నిటికన్నా ముఖ్యంగా సేంద్రియ కర్బనం వస్తాయి. కర్బనం పెరిగిన నేల వాన నీటిని పట్టి ఉంచుతుంది, వానపాములకు, సూక్ష్మజీవులకు ఇల్లవుతుంది. యూరియా ఆ పంటతోనే అయిపోతుంది. పెంట సారం రెండు మూడేళ్లు అందుతూనే ఉంటుంది. సేంద్రియ సాగులో లాభం, ఖర్చు రెండూ నిజమే. తేలాల్సిందల్లా లాభం ఎవరికి చేరుతోంది, ఖర్చు ఎవరు మోస్తున్నారు అన్నదే.

పత్తి పక్కనే జొన్న

సంగారెడ్డి జిల్లా పడమటి అంచున, కర్ణాటకలోని బీదర్‌కు దగ్గరగా ఉంటుంది రాయికోడ్ మండలం. నల్లరేగడి నేలలెక్కువ. వానాకాలంలో పత్తి, కంది, పెసర, మినుము. యాసంగిలో నేలలో మిగిలిన పదునుతోనే తెల్లజొన్న, శనగ, కుసుమ. రాయికోడ్, న్యాల్‌కల్, ఝరాసంగం, జహీరాబాద్ మండలాల్లో రెండు రకాల వ్యవసాయం పక్కపక్కనే నడుస్తుంది. ఒక గట్టుకు అటు బీటీ పత్తి, రసాయన ఎరువులు, పురుగుమందులు. ఇటు పెంట, ఇంటి విత్తనం, పదిరకాల పంటలు కలిసిన చేను.

ఈ రెండో దారిని నిలబెట్టింది పెద్ద రైతులు కాదు. ఎకరం, రెండెకరాల బీడు చేతికొచ్చిన దళిత మహిళలు.

1983లో తెలుగునాట రెండు పనులు మొదలయ్యాయి. ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, అందరూ పిలిచే డీడీఎస్, పుట్టింది. మొదటిది కోట్ల పేదల ఆకలి తీర్చింది, అందులో అనుమానం లేదు. కానీ జొన్నరొట్టె తినే ఇళ్లలోకి వరి అన్నం వచ్చింది. తినేవాళ్లు తగ్గిన పంటను పండించేవాళ్లూ తగ్గారు. ఆ మెట్టనేలల్లో పండని గింజ బయటి నుంచి వస్తుంటే, అక్కడ పండే గింజకు విలువ పోయింది. పేదలకు పంచిన భూముల్లో చాలామటుకు రాళ్లూ రప్పలూ నిండిన సత్తువలేని నేలలు. వాటిని బాగుచేసుకునే స్తోమత లేక బీడుపెట్టి, వాటి యజమానులే కైకిలికి పోయేవారు.

దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ సారథ్యంలో డీడీఎస్ ఊరూరా మహిళా సంఘాలు కట్టింది. 1990ల మధ్యలో ఆ సంఘాలు చేసిన పని ఇవాళ్టికీ దేశానికి పాఠం. ముప్పైకి పైగా ఊళ్లలో, రెండున్నర వేల ఎకరాలకు పైగా బీళ్లను సాగులోకి తెచ్చాయి. రైతుకు పెట్టుబడి అప్పుగా ఇచ్చారు. తిరిగి తీర్చాల్సింది డబ్బుతో కాదు, జొన్నలతో. అలా వచ్చిన గింజ ఊరి ధాన్యనిధి అయింది. ఊళ్లో ఎవరు ఎంత పేదో సంఘం మహిళలే ఇల్లిల్లూ గుర్తించి, పనులు దొరకని రోజుల్లో తక్కువ ధరకు ఆ జొన్నలు ఇచ్చారు. బీడు పచ్చబడింది, పని దొరికింది, పశువులకు చొప్ప దొరికింది, గింజ ఊరు దాటకుండా ఊరి ఆకలి తీర్చింది. ఇదంతా రసాయనం చల్లకుండానే.

వీళ్లు సేంద్రియాన్ని ఎంచుకున్నది పట్నపు అంగళ్లకోసం కాదు. ఎరువులకూ మందులకూ అప్పు చేయలేని స్థితిలో, సొంత కంచం నింపుకోవడానికి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి డీడీఎస్‌కు దక్కింది. 2023 మార్చి 19న సతీష్ కన్నుమూశారు. ఆ ఏడాదే ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరం జరుపుకుంది.

ఒకే చేలో ఊరంత కిరాణా

ఈ ప్రాంతపు పాత పద్ధతి చేను దగ్గరనుంచి చూస్తే సేంద్రియం లాభం ఎలా పుడుతుందో తెలుస్తుంది. జొన్న సాళ్ల మధ్య కంది. మధ్యమధ్య సజ్జ, కొర్ర. కింద పెసర, అనుములు, బొబ్బర్లు. ఓ పక్క నువ్వులు. గట్టు వెంట పుంటికూర. చూడ్డానికి కలగాపులగంగా ఉంటుంది గానీ ప్రతి మొక్కకూ ఓ పని ఉంది. అపరాల వేళ్లమీది బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు దింపుతాయి. నేలమీద పాకే తీగ ఎండకు పదును ఆరకుండా కప్పుతుంది. కంది వేరు లోతుకు పోయి జొన్నకు అందని నీటిని వాడుకుంటుంది. రాల్చిన ఆకు ఎరువవుతుంది. పెసర రెండు నెలలకు కోతకొస్తే, కొర్ర మూడు నెలలకు, కంది ఆరు నెలలకు. వాన ఏ దశలో ముఖం చాటేసినా ఏదో ఒక పంట చేతికొస్తుంది. 2015-16 కరువులో మంజీరా మీది సింగూరు జలాశయమే అడుగంటిన ప్రాంతం ఇది. ఇక్కడ పంటల బీమా అంటే ముందుగా ఈ కలిపి విత్తడమే.

విత్తని పంట కూడా ఉంది. తుమ్మికూర, గునుగు, జొన్నచెంచలి, దొగ్గలికూర. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పెట్టరు. వానలు పడితే చేలో వాటంతట అవే మొలుస్తాయి. కలుపు తీయడానికి పోయిన ఆడవాళ్లు కొంగునిండా కోసుకొస్తే ఆ పూటకు కూర. గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొట్టిన చేలో ఇవేవీ మిగలవు. రసాయన సాగు దృష్టిలో ఇవి కలుపు. పేదింటి దృష్టిలో పైసా పెట్టక్కర్లేని ఇనుము, విటమిన్లు. గ్లైఫోసేట్ వాడకంపై తెలంగాణ ప్రభుత్వం 2018లో ఆంక్షలు పెట్టింది. మందు ఖరీదు రశీదులో కనపడుతుంది, పోయిన ఆకుకూర ఖరీదు ఏ రశీదులోనూ ఉండదు.

ఇక విత్తనం. కోతకు ముందే చేనంతా తిరిగి నిండుకంకిని ఎంచుతారు. ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, వెదురుబుట్టలో పోసి, మూతి పేడమట్టితో మెత్తుతారు. పురుగు పట్టదు, మొలక చెడదు. ఈ పని దాదాపుగా ఆడవాళ్లదే. అడిగిన ఇంటికి విత్తనం ఇస్తారు, పంట వచ్చాక ఇచ్చినదానికన్నా ఎక్కువ కొలిచి తీసుకుంటారు. ఏటా సంక్రాంతికి మొదలై నెలరోజులు ఊరూరా తిరిగే పాత పంటల జాతరలో అలంకరించిన ఎడ్లబండ్ల మీద ఊరేగేవి ఈ విత్తనాల బుట్టలే. మాచునూరులో 2008 నుంచి సంఘం మహిళలు నడుపుతున్న సంఘం రేడియోలో వినిపించేవీ ఈ ముచ్చట్లే.

తినేవాళ్లకు మేలెంత?

పట్నంలో సేంద్రియం కొనేవాళ్లకు ఆరోగ్యమే మొదటి కారణం. ఇక్కడ ఉన్నదాన్ని ఉన్నట్టే చెప్పుకోవాలి. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలెన్నో క్రోడీకరించి, పోషకాల్లో సేంద్రియానిది పైచేయి అనడానికి గట్టి ఆధారం లేదన్నారు. పురుగుమందుల అవశేషాలు కనిపించే అవకాశం మాత్రం తక్కువన్నారు. 2014లో 343 అధ్యయనాలను పరిశీలించిన మరో బృందం, సేంద్రియ పంటల్లో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువ, విషలోహమైన కాడ్మియం తక్కువ, మందుల అవశేషాలు కనిపించడం మామూలు పంటలతో పోలిస్తే నాలుగోవంతేనని తేల్చింది. రెండూ కలిపి చూస్తే, సేంద్రియం ఔషధం కాదు. మందుల మోతాదు తగ్గించే తిండి. జొన్న, కొర్ర తినడంవల్ల వచ్చే పీచు, ఖనిజాల మేలు వేరు, అవి సేంద్రియంగా పండటంవల్ల వచ్చే మేలు వేరు. జహీరాబాద్ చేలల్లో ఆ రెండూ కలిసొచ్చాయి.

కానీ తినేవాళ్లకన్నా ముందు మేలు పొందేది మందు కొట్టే మనిషి. తినేవాళ్లకు అవశేషాలే తగులుతాయి. కొట్టేవాళ్లకు మందే తగులుతుంది. వీపున పంపు, ముక్కుకు తువ్వాల, చేతులకు ఏమీ లేదు, ఎదురుగాలి. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవైమంది దాకా రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మన దగ్గర ఖమ్మం ప్రాంతంలోని పునుకుల రైతులు పత్తి మందుల అప్పుల్లోంచి, చావుల్లోంచి బయటపడటానికే రసాయన మందులు మానేశారు. 2004లో అది పురుగుమందు లేని ఊరైంది. 2006లో జనగామ ప్రాంతంలోని ఏనెబావి ఊరు మొత్తం సేంద్రియానికి మారింది. ఈ ఊళ్లు మొదట కాపాడుకున్నది సొంత ఒంటిని, సొంత జేబును.

ఖర్చు ఖాతా

ఇప్పుడు రెండోవైపు. దీన్ని దాచి సేంద్రియాన్ని పొగిడితే నష్టపోయేది నమ్మి మారిన రైతే.

మొదటిది దిగుబడి. 2012లో 'నేచర్' పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం సేంద్రియ దిగుబడి సగటున 25 శాతం తక్కువ. వర్షాధారపు అపరాల్లో, బహువార్షిక పంటల్లో తేడా 5 శాతమే. 2014 నాటి మరో విశ్లేషణలో సగటు తేడా 19 శాతం. పంటలు కలిపి వేసినచోట, మార్చి వేసినచోట అది 8, 9 శాతానికి తగ్గింది. రాయికోడ్‌కు ఇందులో మంచి కబురు ఉంది. ఇక్కడి కంది, పెసర, శనగ ఆ తక్కువ తేడా పంటల వరుసలోవే. ఒక్క పత్తినే సేంద్రియంగా పండించబోతే దెబ్బ పెద్దది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక అంగట్లో బీటీ కాని విత్తనం దొరకడమే కష్టమైంది. జన్యుమార్పిడి విత్తనానికి సేంద్రియ ముద్ర రాదు.

రెండోది మారే కాలం. ధ్రువీకరణ నియమాల ప్రకారం ఏడాది పంటలకు రెండేళ్లు, తోటలకు మూడేళ్లు ఆగాలి. ఆ కాలంలో దిగుబడి తగ్గుతుంది, ధర మాత్రం మామూలుదే వస్తుంది. పిల్లల ఫీజులు, ఇంటి అప్పులు ఆ రెండేళ్లు ఆగవు.

మూడోది పని. కలుపు మందు ఒకరు ఒక్కపూటలో కొట్టేస్తారు. అదే చేలో చేత్తో కలుపు తీయాలంటే ఎన్నో కైకిళ్లు. ఆ వంగిన నడుములు దాదాపు అన్నీ ఆడవాళ్లవే. ఒకరి చేలో ఒకరు బదులు పనిచేసుకునే పద్ధతి సంఘాలున్న ఊళ్లలో ఈ భారాన్ని తగ్గించింది. సంఘం లేనిచోట అదంతా ఒక్క ఇల్లాలి మీదే పడుతుంది. చేలో పోసే జీవామృతం సంగతీ అంతే. 200 లీటర్ల నీటిలో పది కిలోల పేడ, పది లీటర్ల దాకా మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి. లెక్క చిన్నదే. పేడ ఎత్తడం, మూత్రం పట్టడం, రోజూ కలియబెట్టడం, మోసుకెళ్లి పోయడం ఎవరి పనో అడిగితే అసలు ఖర్చు తెలుస్తుంది. ట్రాక్టర్లు వచ్చాక కొట్టాల్లో ఎడ్లు తగ్గాయి. పశువు లేని ఇంట్లో పెంటదిబ్బ ఉండదు, పెంట కొనుక్కోవాలి.

నాలుగోది ఒంటరితనం. ఊరంతా పత్తి వేసి ఒక్కరే జొన్న వేస్తే పిట్టలన్నీ ఆ చేనిమీదే వాలతాయి. మంచె ఎక్కి వడిసెల తిప్పడానికి ఇంట్లో ఒక మనిషి పోవాలి. పక్కచేలో కొట్టిన మందు గాలికి ఇటు వస్తుంది. దాన్ని ఆపడానికి గట్టు వెంట కొన్ని సాళ్లు వదులుకోవాలి. ఎకరం రైతుకు ఆ సాళ్లు చిన్నవి కావు. కొర్రలు, సామలు పండినా పొట్టు తీసే మర దగ్గర్లో లేకపోతే వాటిని దంచేది మళ్లీ ఆడవాళ్లే.

అయిదోది ముద్ర. ఎగుమతులకు పనికొచ్చే మూడోపక్ష ధ్రువీకరణ 2001లో మొదలైంది. దాని రుసుములు, దస్తావేజులు చిన్న రైతు మోయలేనివి. తోటి రైతులే ఒకరి చేను ఒకరు తనిఖీ చేసి పూచీ పడే పీజీఎస్ పద్ధతి దీనికి విరుగుడు. దేశంలో దాన్ని నిలబెట్టినవాళ్లలో డీడీఎస్ సంఘాలూ ఉన్నాయి. పక్క చేలో ఎవరు ఏం చల్లారో ఊళ్లోవాళ్లకు తెలిసినంతగా బయటి తనిఖీదారుకు తెలియదు కాబట్టి ఆ పూచీకి బలం ఎక్కువ.

తొందరపాటు, ఓపిక

ఖర్చు లెక్కవేయకుండా దూకితే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. 2021లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. నేల సిద్ధం కాలేదు, సరిపడా పెంట లేదు, రైతుకు శిక్షణ లేదు. వరి, తేయాకు దిగుబడులు పడిపోయి ఆ ఏడాది నవంబరుకే నిషేధం ఎత్తేయాల్సొచ్చింది. సిక్కిం పదేళ్లకు పైగా సమయం తీసుకుని 2016 జనవరిలో పూర్తి సేంద్రియ రాష్ట్రమని ప్రకటించుకుంది. అక్కడ సేంద్రియం నిలబడిందంటే ఆ ఓపికే కారణం. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయం మహిళా సంఘాల భుజాల మీదే ఊరూరా వ్యాపించింది. 2024లో దానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. ఆంధ్రలోనూ, జహీరాబాద్‌లోనూ సంఘం ఉన్నచోటే సేంద్రియం నిలిచింది. ఒంటరి రైతు మీద వేసిన సేంద్రియం ఎక్కడా ఎక్కువకాలం నిలవదు.

ఖర్చు పంచుకుందాం

నేల సారం పెరిగితే మేలు రేపటి తరానిది. మంజీరాలోకి మందులు తక్కువగా కలిస్తే మేలు ఆ నీళ్లు తాగే పట్నాలది. విత్తనం బతికితే మేలు దేశానిది. ఇంతమంది లాభానికి ఖర్చు ఒక్క రాయికోడ్ ఇల్లాలు భరించడం న్యాయం కాదు.

ఆ ఖర్చు పంచుకోవడానికి మొదటి దారి సర్కారు సొమ్ము. అది ఇప్పుడు ఏ పక్కకు పోతోందో చూడండి. 266 రూపాయల బస్తా అంత చవగ్గా ఉండటానికి కారణం సబ్సిడీ. 2022-23లో కేంద్రం ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల రూపాయలకు చేరింది. 2024 నవంబరులో ఆమోదించిన జాతీయ సహజ వ్యవసాయ మిషన్‌కు కేటాయింపు, రాష్ట్రాల వాటాతో కలిపి, 2,481 కోట్లు. ఒక ఏడాది ఎరువుల సబ్సిడీలో వందో వంతు కూడా కాదు. తెలంగాణ రైతు భరోసా పథకం ఏడాదికి ఎకరాకు 12 వేలు ఇస్తుంది గానీ, ఎనిమిది బండ్ల పెంట తోలినవాళ్లకూ మందు కొట్టినవాళ్లకూ ఒకే లెక్క. కౌలుకు చేసేవాళ్లకు ఆ సొమ్మే అందదు. పెంట తోలే కూలికి, మారే రెండేళ్ల నష్టానికి, ఊరికో పొట్టు తీసే మరకు, సంఘం విత్తన బుట్టకు ప్రభుత్వం డబ్బు పెట్టాలి. ఇది దానం కాదు, చేసిన పనికి కూలి.

రెండో దారి రేషన్ దుకాణం. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డు కుటుంబాలకు మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అన్నం పెట్టే చేతిని తప్పుపట్టకూడదు. అయితే 2013 నాటి ఆహార భద్రత చట్టం బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలకూ చోటిచ్చింది. సరిహద్దుకు అవతల కర్ణాటకలో రేషన్‌కు రాగులు, జొన్నలు ఇచ్చిన అనుభవం ఉంది. ఒడిశా రైతుల దగ్గర రాగులు కొని రేషన్‌లోకి తెచ్చింది. ఆ ఆరు కిలోల్లో కోరుకున్నవాళ్లకు ఒక కిలో ఈ ప్రాంతపు జొన్న ఇస్తే ఏమవుతుందో లెక్కేద్దాం. నలుగురున్న ఇంటికి ఏడాదికి 48 కిలోలు. వెయ్యి ఇళ్ల ఊరికి 480 క్వింటాళ్లు. ఎకరాకు ఐదు క్వింటాళ్లనుకున్నా దాదాపు వంద ఎకరాల జొన్నకు ఖాయమైన గిరాకీ. 2024-25లో మల్దండి జొన్న మద్దతు ధర క్వింటాలుకు 3,421 రూపాయలు. ఆ ధరకు కొన్నా పదహారు లక్షల రూపాయల పైన ఊళ్లోనే తిరుగుతాయి. జొన్న, సజ్జ, రాగులకు మద్దతు ధర ఉంది, కొర్ర, సామలకు అదీ లేదు. వాటినీ చేర్చాలి.

మూడోది మన చేతిలో ఉంది. జహీరాబాద్‌లో సంఘాల గింజలు అమ్మే అంగడి ఉంది, చిరుధాన్యాల వంటలు పెట్టే కెఫే ఎత్నిక్ ఉంది. మీ ఊరి చుట్టూ కూడా ఇలా పండించేవాళ్లు ఉంటారు. పెద్ద దుకాణంలో మెరిసే పొట్లం కొనడంకన్నా నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒక రైతు సంఘంతో ఏడాదికి సరిపడా జొన్నలు, కందులు ముందే మాట్లాడుకోవడం మేలు. విత్తేముందే కొంత బయానా ఇస్తే ఆ రైతు అప్పుకు పోవాల్సిన పని తప్పుతుంది, మీకు గింజ ఎక్కడినుంచి వస్తోందో తెలుస్తుంది. బేరమాడేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకుందాం. కిలోకు మనం అదనంగా ఇచ్చే ఆ పదో పరకో, ఎత్తిన పెంట తట్టలకూ తీసిన కలుపుకూ రావాల్సిన కూలి. అది పండించినవాళ్లకు నేరుగా చేరేలా కొంటే, సేంద్రియం ఎవరికి లాభమో ఎవరికి ఖర్చో అన్న ప్రశ్నకు మనవంతు జవాబు మనం ఇచ్చినట్టే.